అంబులెన్సు ఎక్కిన కంప్యూటరు

గోరంట్ల చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ పీకే రోజులు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప అనుకునే నేల అది. ఆ కొద్ది వానకే పండిన కాయను కళ్లంలో కుప్ప పోసి, రాత్రిళ్లు ఎవరో ఒకరు కాపలా పడుకుంటారు. అలాంటి ఒక రాత్రిని ఊహించుకుందాం. ఈసారి కాపలా పడుకున్నవాడు పదో తరగతి చదివే కుర్రవాడు. గోనెపట్టా పరచుకుని నేలమీదే నిద్రపోయాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు కడుపునొప్పితో లేచి ఇంటికి వచ్చాడు. ఒకసారి వాంతి అయింది. "కడుపులో నొస్తాండాది మా" అంటున్నాడు. పచ్చి కాయలు ఎక్కువ తిన్నాడేమోనని వాళ్ల అమ్మ వాము కోసం వెతుకుతోంది. నాయన మాత్రం కొడుకు ముఖం చూసి, ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేశాడు.

నాలుగూ ముప్పై అయిదుకు బండి వచ్చింది. అందులో ఉన్నది ఇద్దరే. బండి నడిపే పైలట్టు ఒకరు. రోగిని చూసుకునే ఉద్యోగిని ఒకామె. ఆమె కుర్రవాడి నాడి చూసింది: నిమిషానికి 96. శ్వాస 18. వేలికి తొడిగిన చిన్న యంత్రం రక్తంలో ప్రాణవాయువు 98 శాతం అని చూపింది. పై రక్తపోటు 118. జ్వరం లేదు. అడిగినదానికి సరిగానే బదులు చెబుతున్నాడు.

ఇప్పుడామె తేల్చుకోవలసినవి మూడు. ఎక్కడికి తీసుకుపోవాలి? ఎంత తొందరగా పోవాలి? దారిలో ఏ మార్పు కోసం కనిపెట్టి ఉండాలి? గోరంట్లలో ప్రభుత్వాస్పత్రి దగ్గరే ఉంది. హిందూపురం అంతకంటే దూరం. అనంతపురంలోని పెద్దాస్పత్రికి వెళ్లాలంటే దాదాపు వంద కిలోమీటర్లు. ఆమె డాక్టరు కాదు. పక్కన డాక్టరు లేరు. పుస్తకం తీసి చూసేంత తీరిక లేదు. ఆమెకు ఒక కంప్యూటరు సాయం చేయగలదా? చేస్తే ఎలా చేస్తుంది? అది తెలుసుకోవడానికే ఈ వ్యాసం.

బండిలో ఉండేది ఎవరు?

మన రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలయింది. అంతకుముందు అంబులెన్సు అంటే చాలాచోట్ల రోగిని పడుకోబెట్టి మోసుకుపోయే బండి మాత్రమే. 108తో పాటు ఒక కొత్త ఉద్యోగం కూడా పుట్టింది. దాన్ని 'ఈఎంటీ' అంటారు. అత్యవసర చికిత్సలో శిక్షణ పొందిన మనిషి అన్నమాట. అనుమానం వస్తే ఈఎంటీ కాల్ సెంటరులోని డాక్టరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. 2020 జులై 1న ఆంధ్రప్రదేశ్‌లో 108, 104 సేవలకు కలిపి వెయ్యికి పైగా వాహనాలను విజయవాడలో ప్రారంభించారు. పాత అనంతపురం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో చేరిన గోరంట్ల వంటి మండలాలకు ఈ బండ్లే ఆధారం.

స్వీడన్ దేశంలో ఏర్పాటు వేరు. అక్కడ అంబులెన్సులో రోగిని చూసుకునేది పూర్తి చదువు చదివిన నర్సు. 'నీకు ఆస్పత్రి అవసరం లేదు, ఇంట్లోనే ఉండు' అని చెప్పే బాధ్యత కూడా కొన్నిసార్లు ఆమెదే. అందుకే నర్సుకు తోడుగా కంప్యూటరును పెట్టడం గురించి స్వీడన్‌లో ఎక్కువగా ఆలోచించారు. పని ఒకటే, పేర్లే వేరు కనుక ఇకమీద ఈ వ్యాసంలో 'నర్సు' అనే అందాం.

ముందు అట్టముక్కలు, తరువాత కంప్యూటరు

ఇదంతా కంప్యూటరుతోనే మొదలయిందనుకుంటే పొరపాటు. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో 1970ల చివరలో జెఫ్ క్లాసన్ అనే డాక్టరు, అంబులెన్సు కోసం ఫోను చేసినవాళ్లను ఏయే ప్రశ్నలు ఏ వరుసలో అడగాలో అట్టముక్కల మీద రాసి పెట్టాడు. 'స్పృహ ఉందా? శ్వాస ఆడుతోందా?' ఇలాంటివి. గాభరాలో మనిషి మరచిపోయేది తెలివిని కాదు, వరుసను. పరీక్ష హాలులో మీకూ ఇది అనుభవమే అయి ఉంటుంది!

అంతకు కొద్దికాలం ముందే ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో డి డోంబల్ అనే డాక్టరు, ఆయన సహచరులు కడుపునొప్పిని కంప్యూటరుకు ఒప్పజెప్పారు. హఠాత్తుగా కడుపునొప్పి వచ్చినవాళ్లకు జబ్బేమిటో చెప్పడం పెద్ద డాక్టర్లకూ కష్టమే. అపెండిసైటిస్ కావచ్చు, పిత్తాశయం వాపు కావచ్చు, కొంతసేపటికి తానే తగ్గిపోయే నొప్పి కావచ్చు. వాళ్లు 304 మంది రోగుల వివరాలు కంప్యూటరుకు ఇచ్చి చూశారు. 1972లో ఫలితం ప్రచురించారు. కంప్యూటరు నూటికి 91.8 సార్లు సరిగా చెప్పింది. అనుభవం గల సీనియర్ డాక్టరు 79.6 సార్లు సరిగా చెప్పారు.

ఆ కాలపు కంప్యూటరు గదంత ఉండేది. మీ ఇంట్లోని సెల్‌ఫోనుకు ఉన్న శక్తిలో లక్షో వంతు కూడా దానికి లేదు. మరి అంత బాగా ఎలా చెప్పగలిగింది? రహస్యం యంత్రంలో లేదు, లెక్కలో ఉంది. ఆ లెక్కను మీరు కూడా కాగితం మీద చేయవచ్చు. చేద్దాం రండి. అంకెలు మాత్రం నేను సులువు కోసం పెట్టుకున్నవి.

ఒక ఊరి ఆస్పత్రికి కడుపునొప్పితో 200 మంది వచ్చారనుకోండి. వారిలో 50 మందికి అపెండిసైటిస్, 150 మందికి వేరే కారణాలు. అపెండిసైటిస్ ఉన్నవాళ్లలో నూటికి 70 మందికి నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి జరుగుతుందనుకుందాం. వేరే కారణాలున్నవాళ్లలో నూటికి 10 మందికే అలా జరుగుతుంది. ఇప్పుడు నొప్పి అలా జరిగినవాళ్లు ఎందరు? మొదటి గుంపులో 35 మంది. రెండో గుంపులో 15 మంది. మొత్తం 50 మంది. వారిలో అపెండిసైటిస్ 35 మందికి, అంటే నూటికి 70 మందికి. ఈ ఒక్క ప్రశ్నతో అనుమానం నూటికి 25 నుంచి 70కి పెరిగింది! మరో ప్రశ్న, ఇంకో ప్రశ్న అడిగితే అది ఇంకా పెరగవచ్చు, తగ్గనూవచ్చు. థామస్ బేస్ అనే ఆయన పద్ధెనిమిదో శతాబ్దంలో ఆలోచించిన సూత్రం ఇది. కంప్యూటరు చేసిందల్లా ఆ లెక్కను విసుగు లేకుండా, మరపు లేకుండా చేయడమే.

ఇప్పుడు అదే లెక్కను మరో ఊరికి తీసుకుపోదాం. అక్కడ కూడా 200 మంది వచ్చారు. కాని అపెండిసైటిస్ ఉన్నది పదిమందికే. నొప్పి జరిగినవాళ్లు మొదటి గుంపులో 7 మంది, రెండో గుంపులో 19 మంది. మొత్తం 26. అందులో ఏడుగురు అంటే నూటికి 27 మంది. చూశారా! రోగి చెప్పింది అదే మాట, యంత్రమూ అదే, సూత్రమూ అదే. ఊరు మారేసరికి జవాబు మారిపోయింది. మొదటి ఊరి అంకెలను కంప్యూటరులో అలాగే ఉంచి రెండో ఊళ్లో వాడితే, అది ధీమాగా తప్పు చెబుతుంది. నిజంగా ఇలాగే జరిగింది. లీడ్స్‌లో పోగుచేసిన అంకెలతో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో ప్రయత్నిస్తే కంప్యూటరు అంత బాగా చెప్పలేకపోయింది.

ఈ విషయాన్ని గుర్తుపెట్టుకోండి. గోరంట్ల కుర్రవాడి దగ్గరకు తిరిగి వెళ్లినప్పుడు దీనితో పని పడుతుంది.

లీడ్స్ కథలో ఇంకో తమాషా కూడా ఉంది. కంప్యూటరు వాడిన రోజుల్లో డాక్టర్లు తామే స్వయంగా జబ్బును గుర్తించడం మెరుగయింది. కంప్యూటరును తీసివేశాక మళ్లీ తగ్గింది. యంత్రం అడుగుతుంది కాబట్టి వాళ్లు రోగిని అన్ని ప్రశ్నలూ ఓపిగ్గా అడిగారు. నిజం చెప్పాలంటే సగం వైద్యం ఆ ప్రశ్నలే చేశాయనిపిస్తుంది.

ఎనిమిది మార్కుల ప్రమాదం

బండిలోని నర్సుకు జబ్బు పేరు కంటే ముందు తెలియవలసింది మరొకటి ఉంది: ఈ మనిషి ఎంత ప్రమాదంలో ఉన్నాడు? దానికి మార్కుల పద్ధతులున్నాయి. తలకు దెబ్బ తగిలినవాళ్ల స్పృహను 3 నుంచి 15 వరకు మార్కులతో కొలిచే పద్ధతిని 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే డాక్టర్లు ఇచ్చారు. శరీరమంతటికీ పనికివచ్చే మరో పద్ధతిని 2012లో లండనులోని రాయల్ కాలేజీ వైద్యులు తయారుచేశారు. దాన్ని పొడి అక్షరాల్లో 'న్యూస్' అంటారు. వార్తలకూ దీనికీ సంబంధం లేదు!

ఇక్కడ మార్కులు తక్కువ వస్తేనే మంచిది. శ్వాస నిమిషానికి 12 నుంచి 20 ఉంటే సున్నా. 21 నుంచి 24 ఉంటే 2. పాతిక, ఆపైన అయితే 3. నాడి 51 నుంచి 90 ఉంటే సున్నా, 91 నుంచి 110 అయితే 1, 111 నుంచి 130 అయితే 2, అది దాటితే 3. రక్తంలో ప్రాణవాయువు 96 శాతమూ ఆపైనా సున్నా. 94, 95 అయితే 1. 92, 93 అయితే 2. ఇంకా తక్కువయితే 3. పై రక్తపోటు 110 దాటితే సున్నా (220 చేరితే మాత్రం అది మరో ప్రమాదం), 101 నుంచి 110 అయితే 1, 91 నుంచి 100 అయితే 2, 90కి దిగితే 3. శరీరపు వేడికీ, తెలివికీ ఇలాగే మార్కులున్నాయి. బయటినుంచి ప్రాణవాయువు పెట్టవలసి వస్తే మరో 2. మొత్తం 7 గాని అంతకు మించి గాని వస్తే ప్రాణం మీదికి వచ్చిందని అర్థం.

ఒక పెద్దాయనను తీసుకుందాం. నాలుగు రోజులుగా దగ్గు. శ్వాస 24, ప్రాణవాయువు 93, పై రక్తపోటు 98, నాడి 118, వేడి 36.8 డిగ్రీలు, తెలివిగానే ఉన్నాడు. "నాకేం కాలేదు, కొంచెం అలుపు, అంతే" అంటున్నాడు. కూడి చూడండి. 2, 2, 2, 2. మొత్తం 8! ఏ ఒక్క అంకె చూసినా గుండెలు బాదుకునేంతగా లేదు. విడివిడిగా చూసిన నర్సు 'ఫరవాలేదు' అనుకోవచ్చు. నాలుగూ కలిస్తే మాత్రం భయపడవలసిందే. ఈ కూడికను బండి కుదుపుల్లో, సైరన్ మోతలో, రోగి బంధువులు అడిగే ప్రశ్నల మధ్య చేయాలి. అందుకే కంప్యూటరు. కొలతలు వచ్చిన మరుక్షణమే అది మొత్తం కట్టి చూపుతుంది. అయిదు నిమిషాల కిందట ఎంత ఉండేదో కూడా చూపుతుంది.

ఇప్పుడు స్వీడన్‌లో ఇంకో అడుగు ముందుకు వేస్తున్నారు. మార్కులను మనుషులు నిర్ణయించడానికి బదులు, వేలమంది పాత రోగుల రికార్డులు ఇచ్చి తూకాలను కంప్యూటరునే కట్టుకోమనడం. ఉప్సలా ప్రాంతంలో సుమారు 38 వేల మంది అంబులెన్సు రోగుల రికార్డులతో చేసిన ఇలాంటి పరిశోధన 2019లో వెలువడింది. ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడంలో ఆ పద్ధతి 'న్యూస్' మార్కులకంటే మెరుగనిపించింది.

ఒక్క మార్కు కుర్రవాడు

ఇక మన కుర్రవాడికి మార్కులు వేద్దాం. నాడి 96, కాబట్టి 1. మిగతావన్నీ సున్నా. మొత్తం ఒకటి! ఈ లెక్కన వాడికి పెద్ద ప్రమాదమేమీ లేదు. కడుపునొప్పి, వాంతి, పచ్చి కాయలు. గోరంట్ల ఆస్పత్రిలో దింపి రావచ్చు.

నిజానికి ఆ క్షణంలో వాడు ప్రాణాపాయంలో ఉన్నాడు. వాడిని కట్లపాము కరిచింది.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద నిద్రపోతున్నవాళ్లను కాటేస్తుంది. దాని కోరలు చిన్నవి. కరిస్తే నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గుర్తు కూడా కనిపించదు. నాగుపాము, రక్తపింజర, చిన్నపింజర కాట్లకూ దీనికీ ఇదే పెద్ద తేడా. పింజరల విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అది తెలుసుకోవడానికి ఆస్పత్రిలో తేలిక పరీక్ష ఉంది. కొత్త గాజుగొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఆపై వంచి చూస్తారు. ఇంకా నీళ్లలా జారితే పింజర పని అని అనుమానిస్తారు. కట్లపాము కరిస్తే ఆ పరీక్షలో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. దాని విషం నరాల కొసల మీద పనిచేస్తుంది. కండరాలకు కబురు అందదు. ముందు కడుపునొప్పి, వాంతి. తరువాత కనురెప్పలు వాలతాయి. మింగడం కష్టమవుతుంది. చివరికి శ్వాస ఆడించే కండరాలు ఆగిపోతాయి. అప్పటిదాకా నాడి, రక్తపోటు, ప్రాణవాయువు అన్నీ చక్కగానే కనిపిస్తాయి.

లండను మార్కుల పట్టికకు ఈ సంగతి తెలియదు. తెలియకపోవడం దాని తప్పు కాదు. అక్కడ కళ్లంలో నేలమీద పడుకునేవాళ్లు ఎవరు? రెండు ఊళ్ల లెక్క గుర్తుందిగా! 'తెల్లవారుజామున కడుపునొప్పి' అన్న మాటకు లీడ్స్‌లో ఒక అర్థం, వేరుశనగ కళ్లంలో మరో అర్థం. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయి ఉంటారని 2020లో ఒక పెద్ద పరిశోధన అంచనా కట్టింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. స్వీడన్ కంప్యూటరును పెట్టెతో సహా తెచ్చి గోరంట్ల బండిలో బిగిస్తే సరిపోదన్నమాట. ఇక్కడి పొలాలు, ఇక్కడి పాములు, ఇక్కడి నిద్ర దానికి తెలియాలి.

అలా తెలిసిన కంప్యూటరు బండిలో ఉన్నదనుకుందాం. 'కడుపునొప్పి, తెల్లవారుజాము' అని నర్సు నమోదు చేయగానే అది మార్కులతో సరిపెట్టుకోదు. తెరమీద ఒక ప్రశ్న వేస్తుంది: 'రాత్రి ఎక్కడ పడుకున్నాడు?' 'నేలమీద, కళ్లంలో.' వెంటనే మరొకటి: 'కనురెప్పలు చూడండి. పైకి చూడమని చెప్పి, రెప్పలు నిలుస్తున్నాయో లేదో గమనించండి.' ఇంకొకటి: 'ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలడో చూడండి.'

ఈ చివరి పరీక్షకు యంత్రమేదీ అక్కరలేదు. చెడుగుడు ఆడేటప్పుడు కూత పెడతారు కదా, అలాంటిదే. నిండుగా గాలి పీల్చి ఒకటి, రెండు, మూడు అని గట్టిగా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మామూలుగా ముప్పై దాటుతారు. పాముకాటు రోగి శ్వాస కండరాలు ఎంత బలంగా ఉన్నాయో చూడటానికి మన డాక్టర్లు దీన్ని వాడతారు. మన కుర్రవాడు 4.45కి 24 దాకా వచ్చాడు. ఎడమ రెప్ప కొంచెం బరువుగా ఉంది.

ఆమె కాల్ సెంటరు డాక్టరుకు ఫోను చేసింది. ఈసారి 'కడుపునొప్పి సార్' అని కాదు, 'కట్లపాము అనుమానం' అని చెప్పింది. విరుగుడు మందూ కావాలి, శ్వాస ఆడించే వెంటిలేటరూ కావాలి. కట్లపాము విషం నరాల కొసలను ఒకసారి పాడుచేసిందంటే మందు ఒక్కటే వాటిని వెంటనే బాగుచేయలేదు. యంత్రంతో శ్వాస ఆడిస్తూ అవి కోలుకునేదాకా ఆగాలి. హిందూపురంలో వెంటిలేటరు సిద్ధంగా ఉందని కబురు వచ్చింది. పైలట్టు బండిని హిందూపురం వైపు తిప్పాడు.

మీలో పల్లెల్లో ఉండేవాళ్లకు ఒక మాట. పాము కరిచిందని తెలిసినా, అనుమానం వచ్చినా గట్టిగా తాడు కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108ని పిలవండి.

వాడకపోతే ఏం లాభం?

ఇంత మంచి యంత్రమయితే అందరూ వాడుతూనే ఉండాలి కదా? బ్రిటన్‌లో ఇంట్లో కిందపడిన ముసలివాళ్ల దగ్గరకు వెళ్లే అంబులెన్సు సిబ్బందికి ఇలాంటి కంప్యూటరు సాయం ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. 436 మంది రోగులలో 54 మంది విషయంలో మాత్రమే దాన్ని వాడారు! సిబ్బంది బద్ధకస్తులని నేననుకోను. అవ్వ నేలమీద పడి మూలుగుతుంటే ఆమె చేయి వదిలి తెర మీద గడులు నింపడం ఎవరికి మనసొప్పుతుంది?

ఇంకో చిక్కు నమ్మకం. కోపెన్‌హాగెన్‌లోనే మరో ప్రయోగం జరిగింది. గుండె ఆగిపోయిన కేసులను ఫోను మాటల్లోంచే కంప్యూటరు పసిగట్టి, ఫోను ఎత్తినవాళ్లకు హెచ్చరిక చూపేది. హెచ్చరిక చూసినవాళ్లకూ చూడనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2021లో ప్రచురించారు. యంత్రం కనిపెట్టడం ఒక ఎత్తు, మనిషి దాన్ని నమ్మి కదలడం మరో ఎత్తు. ఊరికే మోగే గంటను కొన్నాళ్లకు ఎవరూ వినరు. నాన్నా పులి కథ మనకు తెలిసిందే.

మరి యంత్రానికి అందే అంకెలే తప్పయితే? చలికి వేళ్లు గడ్డకట్టినా, గోళ్లకు రంగు ఉన్నా వేలి యంత్రం ప్రాణవాయువును తప్పుగా చూపవచ్చు. గుట్టల మధ్య సిగ్నలు పోతే దూరంలోని కంప్యూటరుతో మాటే ఉండదు. అందుకే ముఖ్యమైన ప్రశ్నలూ లెక్కలూ బండిలోని పరికరంలోనే ఉండాలి.

నొప్పికి ఎన్ని పేర్లు!

చేతులు ఖాళీ లేని నర్సు తెరను ముట్టుకోకుండా కంప్యూటరుతో మాట్లాడగలిగితే? ఆ కలకు మూలాల్లో ఒక తెలుగువాడున్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి. మనిషి మాటను యంత్రం గుర్తుపట్టేలా చేయడం మీద ఆయన స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో పరిశోధించి 1966లో డాక్టరేటు పొందారు. ఆయనకు 1994లో కంప్యూటరు రంగంలో అతి గొప్పదయిన ట్యూరింగ్ బహుమతి వచ్చింది. దాన్ని ఆయనతో పంచుకున్నది ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్. నిపుణుల జ్ఞానాన్ని 'ఇలా ఉంటే అలా చేయి' అనే సూత్రాలుగా కంప్యూటరుకు నేర్పే పద్ధతికి ఆయన ఆద్యుడు. ఒకరు చెవి ఇచ్చారు, ఒకరు ఆలోచన ఇచ్చారు. అంబులెన్సు కంప్యూటరుకు రెండూ కావాలి.

అయితే ఆ చెవికి మన మాట అలవాటు కావాలి. ఇంగ్లీషు ఫారంలో 'నొప్పి: ఉంది, లేదు' అని రెండే గడులుంటే సరిపోతుందా? మన అవ్వ ఒక్క నొప్పికి ఎన్ని మాటలు వాడుతుందో వినండి. పోటు అంటే పొడిచినట్టు. సలుపు అంటే ఆగి ఆగి కొట్టుకున్నట్టు. మంట, తీపు, పీకు, లాగుడు. గుండెల్లో 'పట్టేసినట్టుండాది' అంటే ఒకటి, 'మంటగా ఉండాది' అంటే మరొకటి. డాక్టరుకు ఇవన్నీ జాడలే. పుస్తకాల తెలుగు మాత్రమే నేర్చిన యంత్రానికి 'నొస్తాండాది' అర్థం కాకపోతే ఆ జాడ అక్కడే పోతుంది.

5.20

బండిలో కుర్రవాడు 4.55కి ఒక్క ఊపిరిలో 19 దాకా లెక్కపెట్టాడు. 5.05కి 13. రెండు రెప్పలూ వాలిపోయాయి. "గొంతుకు ఏదో అడ్డం పడినట్టుండాది అక్కా" అన్నాడు. ప్రాణవాయువు అప్పటికీ 97 శాతమే చూపుతోంది. వేలి యంత్రాన్ని మాత్రమే చూస్తే ఏమీ జరగనట్టే. 24, 19, 13 అన్న మూడు అంకెలు తెరమీద మెట్లలా కిందికి దిగుతున్నాయి. ఆమె గాలి అందించే రబ్బరు సంచీని, ముఖానికి పెట్టే తొడుగును ముందే విప్పి చేతికందేలా పెట్టుకుంది. వాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో చేరిన ఉమ్మిని తీసింది. 5.14కి శ్వాస మరీ పైపైనే ఆడసాగింది. సంచీ నొక్కడం మొదలుపెట్టింది. నొక్కు, వదులు, నొక్కు, వదులు. ఆ పని ఏ కంప్యూటరూ చేయలేదు.

5.20కి హిందూపురం ఆస్పత్రి గుమ్మంలో డాక్టరు ఎదురుచూస్తున్నాడు. ఏ వేళకు ఎంత లెక్కపెట్టాడో ఆ కాగితం ఆయన చేతికి ఇచ్చింది. గొట్టం వేశారు, విరుగుడు మందు మొదలుపెట్టారు, వెంటిలేటరు తగిలించారు. నాలుగో రోజుకు కుర్రవాడు రెప్పలు ఎత్తాడు. అయిదో రోజుకు గొట్టం తీశారు. మొదట అడిగింది కళ్లంలో కాయలు ఎత్తేశారా అని.

ఆ వారం నర్సు తన రికార్డులో చివరి గడులు పూర్తిచేసింది. 'నేలమీద నిద్ర. తెల్లవారుజామున కడుపునొప్పి. కాటు గుర్తు లేదు. మొదటి మార్కులు 1. జబ్బు: కట్లపాము కాటు.' గోరంట్ల లెక్కలోకి ఒక అంకె చేరింది.